బొట్టు కింద అతుకు

పోయిన నెల గుంతలో పడి నా కారు స్టీరింగ్ నకిల్, అదే ముందు చక్రాన్ని పట్టి తిప్పే ఇనుప భాగం, పగిలింది. మెకానిక్ మస్తానన్న కొత్తది బిగించానన్నాడు. చక్రం బిగించేముందు నాన్న దానికి స్వయంగా కుంకుమ బొట్టు పెట్టాడు. ఈ రోజు కారు ఒకవైపు లాగుతుంటే మళ్లీ షెడ్డుకు తీసుకెళ్లాను. చక్రం విప్పాక ఆ బొట్టు తుడిస్తే, కింద వెల్డింగ్ అతుకు!

"కొత్తదంటివి గదన్నా?"

"నన్నేమంటావు పాపా? మీ నాయనే అతికించమన్యాడు. పాప యాడికి పోతాది, ఊర్లోనే గదా తిరిగేది అన్యాడు."

మొన్న అదే కారులో ఊరు దాటి అంత దూరం గండికోట వెళ్తుంటే, "జాగ్రత్తమ్మా" అని చెయ్యి ఊపింది ఆ నాన్నే.

సాయంత్రం నిజంగా కొత్తది వేయించి, ఫోన్‌లో ఆ మాట చెప్పి ఇంటికొస్తే, నాన్న కుంకుమ భరిణెతో ఎదురొచ్చి చక్రం వెనక్కి చెయ్యి పెట్టబోయాడు.

"బొట్టు వద్దు నాన్నా, ఈసారి ఇనుము కనపడనీ" అన్నాను. మీరైతే పెట్టనిచ్చేవారా?