మైకులో చదవని పేరు

పదిహేనేళ్ళు దాటిపోయింది. ఇంతకాలం ఇది నా లోపలే ఉంది. ఆదివారం మైకులో పేర్లు చదవడం మొదలుపెట్టగానే నా అరచేతులు చెమట పడతాయి. పక్కన కూర్చున్నవాళ్ళు భక్తి అనుకుంటారు. భక్తి, నా మొహం. భయం. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అనకాపల్లి. రెండువేల ఆరో, ఏడో. మెయిన్ రోడ్డు మీద ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. ఊళ్ళో వెబ్‌సైట్ చేయడం వచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే అని నాకు పొగరు. ఆ పొగరు గురించి ముందే చెప్పేస్తున్నాను, జరిగిందంతా దాని పుణ్యమే.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు ఇంటివాళ్ళు చీటీ మీద రాసి ఇస్తే, ఆరాధనలో అయ్యగారు మైకులో చదువుతారు. పాస్టరుగారిని మేం అలాగే అంటాం. అందరం లేచి నిలబడి ప్రార్థిస్తాం. ఇంటివాళ్ళు ఇవ్వని పేరు మాత్రం, ఎంత తెలిసినా సరే, చదవరు. ఒకసారి అలా చదివితే మా జబ్బు ఊరంతా చాటారని ఒక ఇంటివాళ్ళు పెద్ద గొడవ చేశారు.

పరవాడ కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు ఆదివారం రాలేకపోతున్నారని, వాళ్ళ కోసం చర్చికి వెబ్‌సైట్ చేయమని అయ్యగారు అడిగారు. చేశాను. అందులో ఒక ఫారం పెట్టాను. పేరు, ఈమెయిల్, ఎవరి కోసం ప్రార్థించాలో రాసే గడి. మెయిల్ ఇచ్చినవాళ్ళకి వారం వారం బైబిల్ వాక్యం పంపాలని అయ్యగారి ఆశ. ఒక ఫ్రీ సైట్ నుంచి కోడ్ తెచ్చి మా పేజీలో అతికించాను. నింపినది ఏ మెయిల్‌కి వెళ్ళాలో చెప్పే లైను ఒకటి అందులో ఉంటుంది. పరీక్షించడానికని అక్కడ నా పాత మెయిల్ పెట్టాను, మామూలుగా తెరవనిది. పని చేసింది. సంబరపడ్డాను. ఆ తర్వాత ఆ లైను మార్చి అయ్యగారి మెయిల్ పెట్టడం మరిచిపోయాను. బటన్ నొక్కగానే "మీ మనవి అయ్యగారికి చేరింది" అని తెర మీద వచ్చేలా మాత్రం శ్రద్ధగా పెట్టాను.

అయ్యగారు ప్రతి శనివారం ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టుకుని, ఖాళీ మెయిల్ చూసుకుని వెళ్ళేవారు. ఎవరూ రాయడం లేదేమమ్మా అని ఒకసారి అడిగారు. మనవాళ్ళకి కంప్యూటర్ మొహం తెలిస్తే కదండీ అన్నాను. ఒక్కసారి ఆ కోడ్ తెరిచి చూస్తే నా సొమ్మేం పోయేది? నా పనిలో తప్పుంటుందని నాకు తోచనే లేదు.

చర్చి వెనక సందులో దానియేలు గారని ఉండేవారు. అప్పటికి మూడేళ్ళ ముందు చర్చి కమిటీ మీటింగులో మాటా మాటా పెరిగి, ఇక ఈ గేటు తొక్కనని వెళ్ళిపోయారు. తర్వాత అయ్యగారు రెండుసార్లు ఇంటికి వెళితే తలుపు తీయనివ్వలేదు. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాక ఆ పంతం కాస్త సడలింది. చర్చిలో తన పేరు చదివితే వినాలని ఉందని కూతురితో అన్నారట. కానీ ఎవరి దగ్గరికీ వెళ్ళి అడగొద్దన్నారట. కూతురు కరుణ పరవాడలో మందుల కంపెనీలో చేసేది, ఆదివారాలూ డ్యూటీయే. ఆ పిల్లకి నా ఫారం దొరికింది. నీ పేరు పంపించాను నాన్నా, ఈ ఆదివారం చదువుతారు అని చెప్పింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మైకు ఆ సందులోకి బాగా వినబడుతుంది. నాలుగు ఆదివారాలు అలా కూర్చున్నారు. ఐదో ఆదివారానికి ఆయన లేరు.

ఇదంతా ఆయన పోయిన రోజు, ఆ ఇంటి దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. "చర్చి సంఘానికి నా మీద కోపం పోలేదు" అంటూ కన్నుమూశారట. ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తి ఆ పాత మెయిల్ తెరిచాను. పదకొండు మనవులు. నాలుగు కరుణవి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చివరిది ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. "నాన్న కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. ఈ వారమైనా చదవండి అయ్యగారూ." లైను మార్చాను. అర నిమిషం పట్టలేదు. పదకొండూ తుడిచేశాను. ఎందుకు తుడిచాను? భయంతో అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. దీనికి పని రాదని నలుగురూ అనుకుంటారని తుడిచాను. మిగతా ఏడుగురిని తలుచుకునే ధైర్యం ఇప్పటికీ లేదు.

సమాధుల తోట గేటు దగ్గర కరుణ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాను రాసేను. నాలుగు వారాలూ రాసేను. అయ్యగారికి ఎల్లిందా, నేదా? నువ్వే సెప్పాల."

"వెళ్ళిందమ్మా," అన్నాను.

"అయితే ఆయనే సదవనేదన్నమాట."

ఆ పిల్ల తిన్నగా వెళ్ళి అందరి ముందూ అయ్యగారిని నిలదీసింది. ఆయన నా వైపు చూశారు. వెళ్ళిందా అని కళ్ళతోనే అడిగారు. తలూపాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు.

"నాకు ఆ మెయిల్ చూడడం సరిగా రాదమ్మా. వచ్చే ఉంటుంది. నేనే చూసుకోలేదు, నన్ను క్షమించు," అని ఆయన ఆ పిల్లకి చేతులు జోడించారు.

కరుణ క్షమించలేదు. మళ్ళీ మా చర్చికి రాలేదు. అయ్యగారు తర్వాత ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కలేదు, చీటీలే మేలన్నారు. బదిలీ అయ్యేదాకా ప్రతి ఆదివారం పేర్లన్నీ చదివాక కాగితం తిప్పి చూసుకుని, ఇంకెవరి పేరైనా మరిచానా అని రెండుసార్లు అడిగేవారు. నేను మూడో వరుసలో కూర్చునేదాన్ని.

ఆయన ఇప్పుడు రిటైరయ్యారు. కరుణ ఇదే ఊళ్ళో ఉంది. ఇద్దరి నంబర్లూ నా ఫోన్‌లో ఉన్నాయి. చేయలేదు, చేస్తానని మీకు మాటివ్వను. ఇది రాసినంత మాత్రాన ఏదీ సరి కాదని నాకు తెలుసు. కానీ రాస్తుంటే చేతులకి చెమట పట్టలేదు, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

కరుణ అసలు పేరు మార్చాను. దానియేలు గారి పేరు మార్చలేదు. ఆ పేరు వచ్చింది. నాలుగుసార్లు వచ్చింది. నా దగ్గరికి వచ్చింది.