ఖాళీ బస్సు

ఒహాయోలోని ఆ నగరంలో ఎక్కడికి వెళ్ళాలన్నా కారులో పావుగంటేనని డార్లీన్ గొప్పగా చెప్పుకునేది. గాజు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. సిటీ బస్సుల కోసం పన్ను పెంచాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు, "ఖాళీ బస్సులకు మన డబ్బెందుకు?" అంటూ వీధిలో ఇంటింటికీ తిరిగింది. జనం పన్ను వద్దన్నారు. వాళ్ళ వీధి బస్సు ఆగిపోయింది.

కొన్నేళ్ళకు ఆమె చూపు మందగించింది. ఇక కారు నడపొద్దన్నాడు కంటి డాక్టరు.

ఒక ఆదివారం చర్చికి నడిచి బయలుదేరింది. ఫుట్‌పాత్ లేని రోడ్డు, పక్కన మంచు కుప్పలు. లారీ ఒకటి రాసుకుంటూ పోయేసరికి బెదిరి మంచులో కూలబడింది. వెనకాలే వచ్చిన కారు ఆగింది. రెండిళ్ళ అవతల ఉండే కర్టిస్ దిగి ఆమెను లేవదీశాడు. అప్పట్లో కారు లేక, బస్సు పోయాక అతను ఆసుపత్రి వంటింట్లో పని పోగొట్టుకున్నాడని ఆమెకు తెలుసు.

"ఎక్కండమ్మా, దింపుతాను."

దారిలో ఆమెకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఎంతైనా కర్టిస్, ఆ బస్సు ఖాళీగానే తిరిగేది."

"ఖాళీగా ఎందుకుంటుందమ్మా? అందులో నేనుండేవాణ్ణి కదా. రోజూ మీ గుమ్మం ముందు నుంచే పోయేవాణ్ణి."

ఆమె చర్చి దగ్గర దిగి తలుపు వేసేసింది.

పై ఆదివారం అతను వచ్చి హారన్ కొట్టాడు. కోటు తొడుక్కుని సిద్ధంగా ఉండి కూడా ఆమె బయటికి రాలేదు. ఆ తర్వాత అతను ఆగడం మానేశాడు.