ముల్లు మీద రాగినాణెం

చెవుల మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాగితాల మీద ఉందిగానీ, ఎవరి నోటా లేదు. ఆయన చదివింది ఊళ్లో ఒంటిగది బళ్లో అయిదో తరగతి దాకా. అయిదేళ్లూ ఒకే పంతులు, ఒకే చాప. ఆ చదువుతోనే పట్నమొచ్చి, కోట్లు తొడుక్కున్న ఇంజనీర్లు తలలు పట్టుకున్న చోట చెవి ఒగ్గి పని తేల్చినవాడు.

ఒకసారి సినిమా హాలు బయట టిక్కెట్ల వరసలో నిలబడి, గోడ అవతలి మోత విని, తెర వెనక ఎడమవైపు స్పీకరు చిరిగిందని మేనేజరుకి చెప్పాడు. మేనేజరు నవ్వాడు. విప్పి చూస్తే ఎలక కొరికిన కన్నం, బొటనవేలు పట్టేంత. రైల్వే స్టేషనులో రెండేళ్లుగా గుయ్యిమంటున్న మైకుని ఒక్క పూటలో నోరు మూయించాడు. రికార్డు తిరుగుతుంటే గుమ్మంలోనే ఆగి, "మీ ప్లేయరు బెల్టు సాగింది, అరవీసం నెమ్మదిగా తిరుగుతోంది" అని, చెప్పులు విప్పకుండానే చెప్పగలడు. ఈ సంగతులు ఆయన నోట విననివాళ్లు పాలు పోసేవాడితో సహా ఎవరూ లేరు. ఇల్లాలికైతే అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఎలక దగ్గర నవ్వాలనీ తెలుసు.

ఇల్లాలు దర్జీ కొట్టుకి కాజాలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన పీట, ఒళ్లో చొక్కాలు, ఎదురుగా మేస్త్రి చేతులతో చేసుకున్న స్పీకరు డబ్బాలు రెండు. వాటి మధ్య బల్ల మీద ప్లేయరు. బల్ల కింద రికార్డులు వందకి పైగా ఉన్నా, ఆ ఇంట్లో రికార్డు అంటే ఒకటే. ఆవిడ తండ్రి పిల్లనగ్రోవి ఊదిన రికార్డు.

ఆయన రికార్డుకి వాయించింది ఆ ఒక్కసారే. అచ్చువేసినవే కొద్ది. మిగతావి ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆయన పోయేనాటికి ఆవిడకి నాలుగేళ్లు, తమ్ముడికి ఇంకా పాకడం రాలేదు. మొహం గుర్తులేదు. ఫోటో లేదు. రికార్డు రెండో వైపు చివర్లో పిల్లనగ్రోవి పైకి, ఇంకా పైకి వెళ్లి ఒకచోట నిలబడుతుంది. ఆ తరవాత మళ్లీ అందుకోబోయే ముందు ఆయన ఊపిరి పీలుస్తాడు. అది వినిపిస్తుంది. కాగితం మీద వేలు జారినంత చప్పుడు, అంతే. అక్కాతమ్ముళ్లకి తండ్రి అంటే ఆ చప్పుడు. పాట వాళ్లకి లెక్కలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మేస్త్రి రికార్డు పెట్టేవాడు, ఆవిడ కుడుతూ ఉండేది, ఆ ఊపిరి దగ్గర చెయ్యి ఆగేది. అది దాటాక మళ్లీ సూది కదిలేది. నలభయ్యేళ్లుగా అదే వరస.

ఒక ఆదివారం ఆవిడ చెయ్యి ఆగింది. మేస్త్రికి ఊపిరి వినబడలేదు.

మళ్లీ పెట్టాడు. పిల్లనగ్రోవి పైకి వెళ్లింది, నిలబడింది, ఆ తరవాత ఏమీ లేదు. గోడ. మూడోసారీ గోడే.

"యంత్రం ముసలిదైంది. పై స్వరాలు మింగేస్తోంది" అన్నాడు.

తనకి బాగానే వినబడుతోందని ఆవిడ అంది. అలవాటు కొద్దీ వినబడినట్టు అనిపిస్తుందని, లేనిది మనసు నింపుకుంటుందని ఆయన కొట్టిపారేశాడు. చెవి విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురులేదు.

అలా మొదలైంది. ముందు బెల్టు మార్చాడు. తరవాత రికార్డు తిరిగే పళ్లెం మీద రబ్బరు చాప. తరవాత తీగలన్నీ పీకి లావుపాటివి వేశాడు. పాత యాంప్లిఫయరు అటకెక్కింది, ఇరవై కిలోల కొత్తది వచ్చి బల్ల మీద కూర్చుంటే బల్ల ఒక కాలు మీదకి ఒరిగింది. చేత్తో చేసుకున్న డబ్బాలు వసారాలోకి వెళ్లాయి, వాటి స్థానంలో నడుమెత్తు కొత్త స్పీకర్లు నిలబడ్డాయి. ఆవిడ పీట జరుపుకోవాల్సొచ్చింది. కిటికీ వెలుతురు తగ్గి, కాజాలు వంకర పోయాయని దర్జీ రెండు చొక్కాలు తిప్పిపంపాడు.

"ఇంక చాలండీ. మనకి గది ఉండాలి కదా" అని ఒకసారి అంది. ఆయన ఆ మాట వినిపించుకోలేదు.

ఆఖర్న రికార్డు మీద నడిచే ముల్లు మార్చాడు. కొత్తది వెంట్రుక కొసంత సన్నం. దానికి ఎంత బరువు పెట్టాలో కాగితం మీద రాసే ఉంది, గ్రామున్నర. పెట్టాడు. గోడ కదల్లేదు. మొండికేసిన ముల్లు గాడి అడుగు తాకడం లేదన్నాడు. తాకాలంటే బరువు కావాలి. పెట్టెలో చెల్లని రాగినాణెం ఒకటి పడి ఉంది. దాన్ని ముల్లు నెత్తిన జిగురుతో అంటించాడు.

ఇదే మేస్త్రి, రేడియోలు, ప్లేయర్లు బాగుచేసే కొట్టు నడిపే రోజుల్లో, ముల్లు మీద నాణెం పెట్టి తెచ్చిన ప్లేయరుని చూసి దాని యజమానిని మెట్లు దింపేశాడు. "రికార్డు వింటున్నావా, నాగలి పెట్టి దున్నుతున్నావా" అని అడిగాడు. ఆ మాట ఆ బజారులో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఇప్పుడు తను తెలియక చేసిన పని కాదు. కానీ పది రోజులు చాలు, తీసేద్దాం అనుకున్నాడు. తన చెవి తప్పు చెప్పదన్న నమ్మకం ఒకటుంది, ఆ నమ్మకం ముందు గ్రామున్నర ఎంత?

ఆ రోజు నుంచి రెండో వైపే, చివరి పాటే, రోజుకి ఇరవైసార్లు. పై స్వరాలు పెంచే ట్రెబుల్ మీట చివరికంటా తిప్పి, స్పీకరుకి చెంప ఆనించి కూర్చునేవాడు. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. పదోరోజు మధ్యాహ్నం, నిలబడ్డ స్వరం తరవాత సన్నగా జలజలమన్న చప్పుడు ఒకటి చెవికి తగిలింది. తల తిప్పి చూశాడు. ఇల్లాలి చెయ్యి ఆగి ఉంది.

"వచ్చింది" అన్నాడు. మొహం పెళ్లికొడుకులా వెలిగింది.

"వచ్చిందండీ" అంది ఆవిడ.

నాణెం తియ్యలేదు. గెలిపించిన నాణెం కదా. రోజూ పెట్టాడు, రోజూ ఆ జలజల వినిపించింది, రోజుకింత పెద్దదైంది, రోజూ ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. నాణెం పెట్టిన నాలుగో వారం బావమరిదికి కబురు పెట్టాడు. గడియారాలు బాగుచేసే బావమరిది, చొక్కా జేబులో కంటికి బిగించుకునే భూతద్దంతో సహా, ఆదివారం మధ్యాహ్నం దిగాడు. గది చూసి, "బావా, మా అక్క ఏదీ? స్పీకర్ల వెనక ఉందా?" అన్నాడు. నవ్వులయ్యాయి. టీలయ్యాయి. మేస్త్రి బెల్టు నుంచి ముల్లు దాకా పూసగుచ్చినట్టు చెప్పి, మధ్యలో ఎలక కథ మళ్లీ చెప్పి, రికార్డు పెట్టాడు.

పిల్లనగ్రోవి పైకి వెళ్లింది. అప్పుడే బావమరిది మొహం మారింది. నిలబడాల్సిన స్వరం నిలబడకుండా బొంగురుపోయి వణికింది. ఆ తరవాత ఇసుక రాలినట్టు చప్పుడు. ఇల్లాలి సూది ఆగింది. మళ్లీ కదిలింది.

ముల్లు పైకి లేచాక బావమరిది అడిగాడు. "అక్కా, నాన్న ఊపిరి ఏదీ?"

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "గడియారాల మధ్య కూర్చుని కూర్చుని నీ చెవులు పోయాయిరా. మీ అక్క చెయ్యి ఆగడం చూళ్లేదూ? ఆవిడకి వినబడింది, నాకూ వినబడింది."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ ఒళ్లోని చొక్కా మడతపెట్టింది. దారం కొరికింది. సూదిని చొక్కా మెడకి గుచ్చి పక్కన పెట్టింది.

"వినబడక ఇరవై రోజులైందండీ" అంది.

"మరి చెయ్యి?"

"ఎక్కడ ఆగాలో నాకు తెలుసు కదా. వినబడలేదని చెప్తే ఇంకో నాణెం పెడతారని భయమేసింది."

బావమరిది లేచి రికార్డు తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. భూతద్దం కంటికి బిగించి చాలాసేపు చూశాడు. అంచు దగ్గర నల్లగా నిగనిగలాడుతున్న గాడులు, లోపలికి వచ్చేసరికి బూడిదరంగుకి తిరిగాయి. గోరు ఆనిస్తే గోటికి నల్లటి పొడి అంటింది. ఆ వేలు బావకి చూపించబోయి, పంట్లాముకి తుడిచేసుకున్నాడు. నాణెం గురించి ఏమీ అనలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. మణికట్టు గడియారం విప్పి బావ చేతిలో పెట్టాడు.

"దీని సంగతేంటో చూడు బావా."

మేస్త్రి గడియారాన్ని చెవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఎన్ని వందలసార్లు ఇలా కళ్లు మూసుకుని ఎన్ని యంత్రాల రోగాలు కుదిర్చాడు! రెండో చెవికి మార్చాడు.

"ఆగిపోయింది. కీ ఇచ్చావా లేదా?"

కళ్లు తెరిచి గడియారం వైపు చూశాడు. సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఒక చుట్టు పూర్తయ్యేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాడు. రెండో చుట్టులో సగం దాకా చూసి, గడియారాన్ని బావమరిది అరచేతిలో జాగ్రత్తగా పెట్టాడు, పగిలే వస్తువు ఇచ్చినట్టు.

బావమరిది ఆ పూట భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. కోపం కాదు, పనుందని అన్నాడు. గుమ్మం దగ్గర బావ భుజం మీద చెయ్యి వేసి, మెట్లు దిగాడు. రికార్డుని గుడ్డలో చుట్టి అక్క ఒళ్లో పెట్టి వెళ్లాడు. ఆవిడ దాన్ని చొక్కాల కింద దాచలేదు, బల్ల కిందికి తోయలేదు. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

మేస్త్రి గోటితో నాణెం పీకాడు. జిగురు గట్టిది, ఊడి రాలేదు. చాకు పెట్టి లాగితే ముల్లు కూడా విరిగింది. యాంప్లిఫయరు ఆర్పాడు. గది నిశ్శబ్దమైందో, అంతకుముందు నుంచీ నిశ్శబ్దంగానే ఉందో ఆయనకి తెలియలేదు. నాలుగు నెలల్లో మార్చినవన్నీ ఆ గదిలో నిలబడి ఉన్నాయి, చెడిపోయింది ఒకటే మార్చలేదు. అది మార్చేది కాదు.

వచ్చి ఆవిడ పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. నలభయ్యేళ్లలో ఆ పీట పక్కన నేల మీద ఎప్పుడూ కూర్చోలేదు.

"నాకు వినబడనిది నీకు వినబడుతోందని చెప్పావు. మొదటి రోజే చెప్పావు" అన్నాడు.

"చెప్పాను."

"అప్పటికి బాగానే ఉందన్నమాట."

ఆవిడ ఒళ్లోని గుడ్డమూట సవరించుకుంది. ఆయనే మళ్లీ అడిగాడు. నలభయ్యేళ్లు విన్నాడు గదా, అయినా ఇప్పుడు తలుచుకుంటే చెవిలో ఆ ఇసుక తప్ప ఏమీ రావడం లేదు.

"ఎలా ఉండేదే అది? ఒక్కసారి చెప్పు."

మాటల్లో చెప్పడం ఆవిడకి చేతకాలేదు. పెదవులు రెండూ కాస్త విడదీసి, ఆయన చెవి దగ్గరగా వంగి, తండ్రి పీల్చినట్టే ఊపిరి పీల్చింది.

మేస్త్రి ఆవిడ భుజం పైకి లేవడం చూశాడు. మళ్లీ దిగడం చూశాడు.