దూలగొండి పొడి, మంగతాయారుగారి మర్యాద

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది నన్ను కొత్తపేట దగ్గర ఒక ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీకి మెడికల్ ఆఫీసరుగా బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ముందు అదే ఆఖరి పోస్టింగు. అక్కడ నన్ను అందరికన్నా ఎక్కువ విసిగించిన రోగి మంగతాయారుగారు.

ఆవిడ పూతరేకులు వేసేవారు. పొయ్యి మీద బోర్లించిన కుండపై పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను ఒకే ఊపున లాగాలి. చెయ్యి వణికితే రేకు చిరుగుతుంది. ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మా శాస్త్రంలో కంపవాతం, ఇప్పుడు అందరూ పార్కిన్సన్స్ అంటున్నదే. దీనికి మేము దూలగొండి గింజలు వాడతాం. పాలలో ఉడికించి, పైపొట్టు తీసి, ఎండబెట్టి పొడి చెయ్యాలి. ఆ పనిని శోధన అంటాం. ఇంగ్లీషు డాక్టర్లు ఇచ్చే బిళ్లల్లో ఉండే మందే ఈ గింజల్లోనూ ఉంటుంది కనుక రెండూ కలిస్తే మోతాదు మించుతుంది. అందుకే వేరే మందులేమైనా వాడుతున్నారా అని గుచ్చిగుచ్చి అడిగాను. "లేదండీ" అన్నారు. పొడి ఇచ్చాను.

కొన్ని వారాలకు వణుకు తగ్గింది గాని, మెడా భుజమూ వాటంతటవే మెలికలు తిరగసాగాయి. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు హడలిపోయారు. మందు మోతాదు మించిందేమోనని నాకు అనుమానం వచ్చి ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నాను. సంచిలోంచి రాజమండ్రి నరాల డాక్టరు రాసిన బిళ్లలు బయటపడ్డాయి. వాటి వెనకే మండపేటలో ఉండే మరిది తెచ్చిన డబ్బా. అందులోనూ దూలగొండి పొడే! శోధన చేశారో లేదో దేవుడికే తెలియాలి.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు దాచారని అడిగాను.

"దాచడం కాదండీ. బిళ్లలున్నాయంటే మీ మందు మీద నమ్మకం లేదనుకుంటారని. అక్కడ మీ మాటెత్తితే ఆ డాక్టరుగారు నొచ్చుకుంటారు. మా మరిదిగారేమో అంత దూరం నించి పట్టుకొచ్చేరు. వద్దంటే ఏం బాగుంటుందండీ?"

ముగ్గురినీ నొప్పించకుండా ముగ్గురి మందూ మింగారన్నమాట. తన చెయ్యి ఏమైపోయినా సరే!

ఆవిడ ఎదుటే ఆ డాక్టరుకు ఫోన్ చేశాను. పొడులు రెండూ ఆపించాం. బిళ్లల మోతాదు ఆయన సరిచేశారు. అన్నిటికీ "ఆయ్, అలాగేనండీ" అన్నారు ఆవిడ. మెలికలు క్రమంగా తగ్గాయి. వణుకు కొంత మిగిలింది గాని, పొద్దున్నపూట కాసేపు కుండ ముందు కూర్చోగలిగారు.

ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు మరిదిగారి డబ్బా ఏమైందని అడిగాను.

"పారేస్తే ఆయన్ని అవమానించినట్టుంటుందని పక్కింటి సత్యవతికిచ్చేనండీ. పాపం, దిగులుతో మంచం దిగట్లేదు. ఎలాగూ నరాల మందే కదండీ!"

తల పట్టుకున్నాను. ఓపీ వదిలేసి ఆవిడను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను. సత్యవతి వాంతులతో నీరసించిపోయి ఉంది. నిద్ర కూడా పట్టడం లేదట. డబ్బా లాక్కుని, వాంతులకు వైద్యం చేయించి, దిగులుకు అమలాపురంలో మానసిక వైద్యుడి దగ్గరకు పంపాను. పడకపోయినా ఎందుకు తాగావమ్మా అంటే ఆమె మెల్లగా చెప్పింది: "పిన్నిగారు అంత ప్రేమగా ఇచ్చేరండీ. వద్దంటే ఏం బాగుంటుందండీ?"

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఏ మందులు వాడుతున్నారని ఏ రోగినీ అడగలేదు. మీకు మందులు ఎవరెవరు తెచ్చిపెడుతున్నారని అడిగేవాణ్ని. దానికి మాత్రం ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. అంత అభిమానంగా తెచ్చినవాళ్ల పేరు చెప్పకపోతే వాళ్లు నొచ్చుకుంటారట.