చేప కంటికి నా కళ్ళకలక

నా చిన్నప్పుడు చిలకలగూడలో వానలు మొదలయ్యాయంటే ముందు బడికి, తర్వాత ఇంటికి, ఆ తర్వాత వీధి మొత్తానికి కళ్ళకలక వచ్చేది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. అమ్మ గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిస్తే గాని తెరుచుకునేవి కావు. చేతులు కడుక్కోవాలి, తువాళ్ళు వేరుగా పెట్టుకోవాలి అని ఇప్పుడు డాక్టర్లు చెబుతుంటే వింటున్నాం గాని, ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి తెలిసిన వైద్యం ఒక్కటే. కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే అంటుకుంటుంది. అందుకే నల్ల కళ్ళద్దాలు. నా ముఖానికి సరిపోయేవి దొరక్క మా నాన్న తనవే పెట్టి, జారకుండా తల వెనక నుంచి దారం కట్టాడు. నన్ను చూసి అందరూ తల తిప్పుకుని పక్కకు తప్పుకుంటుంటే మొదట్లో నాకు భలే సరదాగా ఉండేది.

మాది మూడు వాటాల ఇల్లు. ముందు వాటాలో మేము. మా నాన్నకు రైల్వేలో ఉద్యోగం రావడంతో కృష్ణాజిల్లా నుంచి ఇక్కడికి వచ్చి పడ్డాం, మా వెనకాలే తాతయ్య, మామ్మ. ఊళ్ళో ఉన్నంతకాలం మా తాతయ్య మాట్లాడటం మొదలుపెడితే ఆపే మొనగాడు లేడట. నేను చూసిన తాతయ్య అలా ఉండేవాడు కాదు. నేను చెబుతున్న వానాకాలానికి ముందు ఏడాదే మామ్మ జబ్బు చేసి ఆసుపత్రిలో పోయింది. ఆ తర్వాత ఆయన నోట్లోంచి రోజు మొత్తానికి ‘ఊఁ’, ‘వద్దు’, ‘చాలు’ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. అమ్మ వడ్డించేది, ఆయన తల వంచుకుని తినేవాడు. ఎవరి ముఖంలోకీ చూసేవాడు కాదు. పెద్దాయన ఇలాగే కుంగిపోతే మనకు దక్కడని నాన్న ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. దక్కకపోవడమంటే ఏమిటో అప్పటికే నాకు తెలుసు.

నాన్నకు ఏం తోచిందో, బోయిగూడ వైపు ఉన్న రంగుచేపల కొట్టు నుంచి ఒక ఫైటర్ చేపను తెచ్చి, ఇరానీ హోటల్లో బిస్కెట్లు పోసిపెట్టే పెద్ద గాజు సీసాలో వేసి తాతయ్య మంచం పక్కన పెట్టాడు. వంకాయ రంగు చేప, పావడా కుచ్చిళ్ళలాంటి తోక. దానికి జోడీ పనికిరాదు, పక్కన ఇంకోదాన్ని వేస్తే కొట్టుకు చస్తాయని నాన్న చెబితే, ‘ఉన్న ఒంటరాయన చాలడనా’ అని అమ్మ గొణిగింది. అమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు, మనసు మాత్రం వెన్న.

తాతయ్య కొన్నాళ్ళు ఆ చేపను చూడనైనా చూడలేదు. తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, ‘ఏమోయ్, నిద్ర పట్టిందా’ అని దాన్ని అడుగుతుంటే ఇల్లంతా ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. ఇక అక్కడి నుంచి వాన సంగతి, పేపర్లో వార్త, ఏ రైలు ఎంత ఆలస్యంగా కూత పెట్టిందీ, అన్నీ చేపతోనే. ‘ఇవాళ పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందోయ్’ అని దానితో చెబితే, అమ్మ వంటింట్లోంచి విని మర్నాడు తగ్గించేది. మాతో చెప్పాల్సినవన్నీ సీసాకు చెప్పేవాడు. అయినా మాట అంటూ వచ్చింది కదా, అదే పదివేలు అనుకున్నాం.

అలాంటి రోజుల్లో నాకు కళ్ళకలక వచ్చి బడి మానిపించారు. తమ్ముడి దగ్గరికి వెళ్ళకు, వంటింట్లోకి రాకు, వాకిట్లోకి పోకు. ఇక మిగిలింది చేప. అద్దాలు నుదుటి మీదికి తోసి, మండే కళ్ళతో రోజంతా దాని ముఖంలోకి చూస్తూ కూర్చునేదాన్ని. అది కూడా నా ఎదురుగా నిలబడి, మొప్పలు విప్పార్చి నా మీదికి యుద్ధానికి వచ్చేది.

ఒక పొద్దున చూస్తే దాని కుడి కన్ను ఉబ్బి బయటికి పొడుచుకొచ్చింది. పైన పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర. పక్క వాటా అత్తమ్మ చూడటానికి వచ్చి నవ్వుతూ, “ఏందమ్మా, చేపకు సుత కండ్లకలక తగిలిందా? పిల్ల పొద్దంతా దాన్నే చూడవట్టె గదా” అంది. అమ్మ కూడా నవ్వింది. వాళ్ళది వేళాకోళమే, తప్పుపట్టను. కానీ నేను నవ్వలేదు. చూస్తే అంటుకుంటుందని వీధంతా చెప్పిన మాట, వీధంతా నన్ను చూసి తల తిప్పుకున్న మాట నిజమైతే, ఇదీ నిజమే కదా. నేను చూసి చూసి చేపకు అంటించాను. చేప పోతే తాతయ్య మాట పోతుంది. మాట పోతే తాతయ్య కూడా మామ్మ దారినే పోతాడు. నా లెక్కలో ఇందులో ఎక్కడా పొరపాటు కనబడలేదు. అద్దాలు బిగించి కట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఎవరు పిలిచినా ఇటు తిరగలేదు.

తాతయ్య ఆ రోజు చాలాకాలం తర్వాత చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. చేపల కొట్టు దాకా నడిచి వెళ్ళి వచ్చాడు. కొట్టతను, “నీళ్ళు ఖరాబైతే కండ్లు గిట్లనే ఉబ్బుతయ్ పెద్దాయనా. దినాం కొన్ని నీళ్ళు మార్చుండ్రి, జెర భేదిఉప్పు కలపుండ్రి. బతికితే బతుకుతది, నేనైతే చెప్పలేను” అన్నాడట. దారిలో మందుల షాపులో, విరేచనం కావడానికి తాగే ఆ భేదిఉప్పు అడిగితే అక్కడివాడు ఎన్నాళ్ళ నుంచి బాధని అడిగాడట. నాకు కాదు, చేపకు అని చెబితే వాడు తాతయ్యను ఎగాదిగా చూశాడట. ఇదంతా మా నాన్నతో చెబుతూ ఆయన చిన్నగా నవ్వాడు. నేను గోడ వైపే ఉండి విన్నాను. నీళ్ళ వల్ల వచ్చిందంటే నమ్మలేదు. పిల్లలు ఏడవకుండా పెద్దవాళ్ళు ఎన్ని చెప్పరు. మామ్మ రేపో మాపో ఇంటికొచ్చేస్తుందని కూడా చెప్పారు.

కొళాయి నీళ్ళు మందు వాసన వేస్తాయని ముందురోజే బిందెలో పట్టి ఉంచి, వాటితోనే సీసాలో కొంత కొంత మార్చేవాడు తాతయ్య. భేదిఉప్పు వేరే గ్లాసులో కరిగించి నెమ్మదిగా పోసేవాడు. నన్ను చూడమని పిలిస్తే నేను రానని మొండికేశాను. ఆయనే వచ్చి, నా పక్కన నేల మీద చతికిలబడి, ఎందుకు రావని అడిగాడు. చేప సంగతి కాదు, ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడమే నాకు ఏడుపు తెప్పించింది. అంతా చెప్పేశాను.

ఆయన దారం విప్పి నా కళ్ళద్దాలు తీసేశాడు. నా గడ్డం ఎత్తి, తన ముఖం దగ్గరగా తెచ్చి, “చూడు నన్ను. రెప్పలార్పినా పర్వాలేదు, చూపు మాత్రం తిప్పకు” అన్నాడు. అమ్మ గుమ్మంలోంచి కేకేసింది, మీక్కూడా వస్తే చాకిరీ ఎవరు చేస్తారని. ఆయన కదల్లేదు. నా ఎర్రటి కళ్ళల్లోకి, వాటి పుసుల్లోకి అలా చూస్తూనే ఉన్నాడు. మామ్మ పోయాక ఆయన కళ్ళు ఎలా ఉంటాయో నేను మర్చిపోయాను. కాస్త గాజు రంగు, అంచున తడి. “నాకు అంటుకుంటే నీ మాటే నిజం. అంటుకోకపోతే చేపకు నీ వల్ల ఏమీ కాలేదు. సరేనా?” అని, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

ఆ తర్వాత రోజూ లేస్తూనే తాతయ్య మంచం దగ్గరికి పరుగెత్తి ఆయన కళ్ళు పరీక్షించేదాన్ని. ఎర్రబడలేదు. నావి తగ్గిపోయి మళ్ళీ బడికి వెళ్ళేదాకా కూడా ఆయన కళ్ళకు ఏమీ కాలేదు. నా గుండెల మీది బరువు దిగింది.

చేపకు మాత్రం నయం కాలేదు. ఉబ్బు కాస్త తగ్గినట్టే తగ్గి, రెండో కన్ను కూడా మసకబారింది. మేత గింజలు వేస్తే వాసనకు పైకి వచ్చేది, ఎక్కడున్నాయో కనబడక చుట్టూ తిరిగి మళ్ళీ కిందికి పోయేది. చివరికి పైకి రావడమే మానేసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం సీసా అడుగున పక్కకు ఒరిగి, మొప్పలు మెల్లగా కదిలిస్తోంది. నేను చూడలేక, సీసా మీద గుడ్డ కప్పేద్దామని తాతయ్యతో అన్నాను.

తాతయ్య వద్దన్నాడు. చేప మీది నుంచి చూపు తిప్పకుండానే, నాతో ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు. ఆసుపత్రిలో మామ్మ మంచం పక్కన కూర్చున్నన్ని రోజులూ ఆయన ఆవిడ ముఖంలోకి చూడలేదట. చూస్తే ఏడుపొస్తుంది, తను ఏడిస్తే ఆవిడ బెదిరిపోతుంది అని. కిటికీ వైపు చూసేవాడు, గ్లూకోజు సీసాలో చుక్కలు పడటం చూసేవాడు. “‘ఏవండీ, కాస్త ఇటు చూడండి’ అందమ్మా. ‘ఆఁ, చూస్తూనే ఉన్నాగా’ అన్నాను. సీసానే చూస్తున్నాను. ఆ సాయంత్రమే పోయింది. ఏం చెబుదామనుకుందో, ఉత్తినే చూడాలనుకుందో.” అంతే అన్నాడు. నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఆయన పక్కన ఆనుకుని కూర్చుని నేను కూడా చేపనే చూశాను. దానికి మేము కనబడటం లేదని ఇద్దరికీ తెలుసు. కొంతసేపటికి మొప్పలు కదలడం ఆగిపోయింది. తాతయ్య అప్పుడు ఏడ్చాడు. చేప కోసం అంత ఏడుపా అని పక్క వాటావాళ్ళు అనుకుని ఉంటారు.

నేను భయపడినట్టే కొన్నాళ్ళు మళ్ళీ మాట తగ్గింది. ఇంకో చేపను తెస్తానని నాన్న అంటే వద్దన్నాడు. ఒకరోజు భోజనం దగ్గర తల ఎత్తి, అమ్మ ముఖంలోకి చూసి, చారు బాగుందమ్మా అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ తర్వాత తాతయ్య మా మధ్య కొన్నేళ్ళే ఉన్నాడు.

ఇప్పుడు నాకు ఆ తాతయ్య వయసు వచ్చింది. జబ్బుమనిషిని చూడటానికి వెళ్ళినవాళ్ళను చూస్తుంటాను. పళ్ళు బల్ల మీద పెట్టి, పక్కనున్నవాళ్ళతో ట్రాఫిక్ గురించి మాట్లాడి, లేచి వస్తారు. తప్పని అనను, ఎవరి గుండె వాళ్ళది. నేను మాత్రం స్టూలు మంచం తలవైపుకు లాక్కుని, ఆ మనిషికి కనబడేట్టు కూర్చుంటాను.

నిరుడు మా వారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా అలాగే కూర్చున్నాను. ఏడుపు ఆపుకోలేదు, చూపూ తిప్పుకోలేదు. ఎందుకే ఏడుస్తావ్ అన్నారు. మిమ్మల్ని చూస్తుంటే వస్తోంది, నేనేం చెయ్యను అన్నాను. అయితే చూడకు అని, నా ముఖంలోకి చూసి నవ్వారు. ఆ రాత్రికి ఆయన లేరు. ఆ నవ్వు నాకు దక్కింది. మా తాతయ్యకు అది కూడా దక్కలేదు.