కరుణమ్మ టీచర్ హాజరు పిలిచిన పొద్దు

చందనం వాసన తగిలితే చాలు, నాకు కరుణమ్మ టీచర్ గొంతు వినిపిస్తుంది. మొన్న కోదాడలో, మా సర్కారు బడి స్టాఫ్‌రూంలో అదే జరిగింది. అయ్యప్ప మాల వేసుకున్న లెక్కల మాస్టారు నా పక్కన కూర్చుని పేపరు విప్పారు. మతసంస్థలు నడిపే బడుల్లో పిల్లల ఫీజు సర్కారు కట్టొచ్చా, కూడదా అని అందులో పెద్ద చర్చ. చూస్తుండగానే గదంతా రెండు జట్లయింది. నా మనసు మాత్రం మిర్యాలగూడకు, నా ఏడో తరగతికి పోయింది.

అది చర్చి వాళ్ళ బడి. టీచర్ల జీతాలు మాత్రం సర్కారువి. మా నాయన రైస్‌మిల్లులో హమాలీ. ఆ ఏడు నాయనతో పాటు నేనూ మాల వేసుకుని, నల్ల బట్టల్లో, నుదుట చందనంతో, వట్టి కాళ్ళతో బడికి వెళ్ళాను. బడి పెత్తనం చూసే ఫాదర్ గేటు దగ్గరే ఆపారు. "యూనిఫాం లేకుండా కుదరదు. మాల తీసినాక రా" అన్నారు. వెంట వచ్చిన నాయనకు తిక్క రేగింది. "అయితే ఇగ ఈ బడే వద్దు. టీసీ ఇయ్యున్రి, మిల్లుకు తోల్కపోత" అన్నాడు. నాయన అన్నాడంటే చేస్తాడు. నాకేమో చదువంటే ప్రాణం.

వాదించుకుంటూ ఇద్దరూ మా తరగతి వరండా దాకా వచ్చారు, వెనకాల నేను. లోపల కరుణమ్మ టీచర్ హాజరు వేస్తున్నారు. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి ఆమె. నన్ను చూశారు, ఫాదర్‌ను చూశారు. రిజిస్టరు మీదకు తల వంచి, "రమేశ్ స్వామి" అని పిలిచారు.

మాలలో ఉన్నవాణ్ణి ఎవరైనా స్వామీ అనే పిలుస్తారు. ఆ బడిలో మాత్రం ఆ మాట అంతకు ముందు నేను వినలేదు. గుమ్మం బయటి నుంచే "ప్రెజెంట్ టీచర్" అన్నాను.

"హాజరు పడ్డది ఫాదర్" అన్నారామె నెమ్మదిగా. "సర్కారు రిజిస్టరు ఇది. కొట్టేయాలంటే కారణం రాయాలె. ఏం రాయమంటరు?"

ఫాదర్ చెడ్డవాడు కాదు, నియమాల మనిషి. రిజిస్టరు వైపు ఓసారి చూసి, "వెనక బెంచీలో కూర్చోబెట్టండి" అని వెళ్ళిపోయారు. టీచర్ నన్ను ముందు బెంచీలోనే కూర్చోబెట్టారు. తర్వాత నాయన వైపు తిరిగి, "స్వామీ, పిల్లగాణ్ణి నాకు ఇడిసిపెట్టు. నీ కోపం మిల్లుల బస్తాల మీద సూపెట్టు" అన్నారు. నాయన నవ్వు ఆపుకుంటూ మిల్లుకు వెళ్ళిపోయాడు.

పెద్దయ్యాక అడిగాను, అప్పుడు భయం కాలేదా టీచర్ అని.

"ఎందుకు కాలే? ఆ ఆదివారం చర్చిల నా పక్కన ఒక్కలు గూడ కూసోలే. కానీ నా జీతంల మీ నాయన పైసలు గూడ ఉన్నయి గద బిడ్డా" అన్నారు.

అందుకే ఈ చర్చ నాకు తెమలదు. ఆమె ఉన్న బడికి ఖజానా అంతా ఇమ్మంటాను. ఆమె లేని బడి సంగతేమిటి? ఒక్క మనిషి ధైర్యాన్ని నమ్ముకుని సర్కారు పథకాలు పెట్టకూడదు కదా. అలాగని అప్పుడు ఆ జీతాలు ఆపేసి ఉంటే నా చదువేమయ్యేది?

"మీరేమంటారు మాస్టారూ?" అని లెక్కల మాస్టారు కదిపారు.

"తమ దేవుణ్ణి మొక్కని పిల్లవాడి పేరు ఆ బడిలో ఎట్లా పిలుస్తారో వినాలి స్వామీ. విన్నాక చెప్తాను" అన్నాను.

"అన్ని బడులూ ఎప్పుడు తిరుగుతారు?"

"మన బడితో మొదలుపెడతాను" అని రిజిస్టరు తీసుకుని తరగతికి వెళ్ళాను.