దోసగింజల పిడక

మిరప చేను కౌలుకిచ్చి నరసరావుపేటలో కాపురం పెట్టాక నాకు పొద్దు గడవడం కష్టమైపోయింది. నల్లతామర పురుగు వచ్చి పైరంతా ముడుచుకుపోయిన యేడు, ఇక నా వల్ల కాదని చేతులెత్తేశాను. మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. అయినా పొద్దున లేవగానే ఫోన్‌లో మిరపకాయల రేటు చూసుకోవడం మాత్రం మానలేదు. “సేద్యం లేని మనిషికి రేటుతో పనేందయ్యా?” అని మా ఆవిడ రోజూ దెప్పేది. నిజమే, పనేమీ లేదు. అలవాటు, అంతే.

మా ఇంటి వెనక సెంటున్నర ఖాళీ జాగా ఉంది. ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, కంకర, వాటి మధ్య మోకాలెత్తు పిచ్చిమొక్కలు. సంక్రాంతి వెళ్ళాక అక్కడ నాలుగు కూరగాయ పాదులు పెట్టమని మా ఆవిడ అడిగింది. నేను నవ్వాను. ఎకరాలకెకరాలు మిరప పండించినవాణ్ణి, పెరట్లో బెండకాయలు పండించాలా అనిపించింది. ఆ పొగరు నాకు ఎప్పుడూ ఉంది. ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడు ఎవరైనా ఆ మాట అని ఉంటే మీద పడి కరిచేవాణ్ణి.

చివరికి ఒప్పుకున్నాను. పార పట్టి చెక్కే ఓపిక లేక, పిచ్చిమొక్కల మీద గడ్డిమందు కొట్టాను. జొన్న చేలల్లో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే మందు అది. వారం తిరక్కుండా మొక్కలన్నీ మెలికలు తిరిగి ఎండిపోయాయి. మందు కొట్టే పంపును రెండుసార్లు నీళ్ళతో కడిగి మెట్ల కింద పెట్టాను. ఎండినవన్నీ ఏరి అవతల పారేసి, ట్రాక్టరుతో ఒక ట్రక్కు నల్లమట్టి, మరో ట్రక్కు మాగిన పశువుల ఎరువు తోలించాను. సెంటున్నరకి ఇంత హంగామానా అని వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు.

ఈ సంగతి ఫోన్‌లో విని మా అక్క మాచర్ల అవతల నుంచి బస్సెక్కి వచ్చేసింది. నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పొలం వెళ్ళిన రోజుల్లో నన్ను చంకన వేసుకుని తిప్పింది ఆమే. సంచిలోంచి పాత చీరముక్కలో చుట్టిన పిడక ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఎండిన పేడలో దోసగింజలు వరసగా అతికి ఉన్నాయి. మా ఇళ్ళల్లో తీగపాదుల గింజలను అలాగే దాస్తారు. బాగా పండిన కాయలోంచి గింజ తీసి, బూడిద పట్టించి, పేడలో అదిమి గోడకు కొడతారు. మళ్ళీ విత్తేదాకా పురుగు ముట్టదు.

అది మా అమ్మ పండించిన దోస. గుండ్రంగా, ఆకుపచ్చ చారలతో, కొద్దిగా పులుపుగా ఉంటుంది. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. ఊళ్ళో అందరూ ప్యాకెట్ విత్తనాలకు మళ్ళిపోయినా అక్క మాత్రం ఏటా రెండు పాదులైనా పెట్టి ఆ గింజను నిలబెట్టుకుంటూ వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ దాని గురించి ఏనాడూ ఆలోచించలేదు.

“నా దగ్గర ఇంకో రెండు పిడకలే ఉన్నయ్‌రా,” అంది అక్క. “మా వీధిలో రెండిళ్ళకి కూడా ఇచ్చా. మొదటి కాయ కొయ్యబాక. గుడ్డపీలిక కట్టి తీగ మీదే పండనియ్యి. అది గింజకి.”

“సరే అక్కా.”

“ఇంకోటి. దీని మీద మందు కొట్టబాక. పురుగు నాలుగు ఆకులు తింటే తిననీ. తెల్లారగట్ట మంచు తడి ఉన్నప్పుడు బూడిద చల్లు. నువ్వు మిరప చేనోడివి, నీ చెయ్యి ఆగదు. నాకు తెలుసు.”

“కొట్టను అక్కా. ఒట్టు,” అన్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాను. ఆమె నవ్వింది.

రథసప్తమి మర్నాడు పిడకను నానబెట్టి గింజలన్నీ విడదీసి ఐదు పాదుల్లో వేశాం. ఒక పక్కన బెండ, గోరుచిక్కుడు కూడా వేశాం, అవి కొట్లో కొన్నవి. నాలుగో రోజుకు దోస మొలిచింది. రెండు లావాటి ఆకులు మట్టిని నెత్తిన ఎత్తుకుని బయటికి వచ్చాయి. ఎన్నో యేళ్ళు పైరు చూసినవాణ్ణి, అయినా ఆ ఉదయం మా ఆవిడను వంటింట్లోంచి కేకేసి పిలిచాను. మిరపలో మొక్క మొలిస్తే మనసులో లెక్కలు మొదలయ్యేవి. ఇక్కడ లెక్కలేమీ లేవు, ఒట్టి సంతోషం. అప్పటి నుంచి ఫోన్‌లో రేటు చూడటం కూడా మర్చిపోయాను.

తీగ నాలుగాకులు వేసేసరికి ఎర్రటి పెంకు పురుగులు దిగాయి. ఆకుల నిండా జల్లెడలా చిల్లులు చేశాయి. అక్క చెప్పినట్టే మూడు రోజులు పొద్దున్నే బూడిద చల్లాను. పురుగులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు. మా మిరప చేలల్లో పురుగు కనబడ్డాక మూడు రోజులు ఆగేవాడు ఎవడూ ఉండడు. అసలు చాలాసార్లు కనబడక ముందే కొట్టేవాళ్ళం.

నాలుగో రోజు మా ఆవిడ పక్క వీధిలో పేరంటానికి వెళ్ళింది. నేను పెరట్లో కూర్చుని ఉన్నాను. ఇంతలో పక్కింట్లో పంపు మోత మొదలైంది. ఆయన తన మామిడిచెట్టు పూత మీద మందు కొట్టిస్తున్నాడు. ఆ మోత వినగానే నాకు కూర్చోబుద్ధి కాలేదు. మిరప చేలల్లో మాకు ఒక పద్ధతి ఉంది. పక్క చేలో పంపు మోగితే మన చేలోనూ మోగాలి. లేకపోతే అక్కడి పురుగంతా లేచి మన మీద పడుతుందని భయం. అవసరం ఉందా లేదా అని ఎవరూ చూడరు. చాలామందిమి ఆ భయంతోనే అంతంత మందు కొట్టాం, నేలను పాడు చేసుకున్నాం.

మామిడిచెట్టు పురుగు వేరు, దోసపాదు పురుగు వేరు. ఆ మాత్రం తెలియనివాణ్ణి కాదు. అయినా లేచి మెట్ల కింద పంపు తీశాను. చేను నాటి పురుగుమందు అరసీసా ఇంకా మిగిలి ఉంది. మోతాదులో సగమే పోశాను. సగమే కదా, ఒట్టు తప్పినట్టు కాదులే అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. ఐదు నిమిషాల పని. కొట్టేశాక ప్రాణం కుదుటపడింది.

మా ఆవిడ వస్తూనే, “మందు వాసనొస్తందేంది?” అంది.

“పక్కింటాయన మామిడిచెట్టుకి కొట్టిచ్చాడు,” అన్నాను. అదీ నిజమే కదా.

మూడో రోజుకు దోస ఆకుల అంచులు లోపలికి ముడుచుకున్నాయి. ఐదో రోజుకు తీగ కొసలు మురుకుల్లా మెలి తిరిగాయి. చూస్తూనే నాకు అర్థమైంది. పురుగుమందు పని కాదది. పంపులో మిగిలిన గడ్డిమందు పని. అదే పంపు, అదే మెలిక, నెల క్రితం అక్కడే పిచ్చిమొక్కల్లో చూశాను. గడ్డిమందు వాడిన పంపును రెండుసార్లు కడిగితే సరిపోదని చేలో పనివాళ్ళకు నేనే వందసార్లు చెప్పి ఉంటాను. అసలు దానికి వేరే పంపు ఉండాలని కేకలేసేవాణ్ణి. ఇంట్లో మాత్రం నాకు గుర్తు రాలేదు. ఐదు పాదుల్లో ఒక్కటీ బతకలేదు.

మా ఆవిడ ఆ తీగల వంకా నా వంకా చూసింది. సాయంత్రం అన్నం పెడుతూ, “వదినకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి,” అంది. నేను వినిపించుకోనట్టు తిన్నాను.

ఆ వారంలోనే శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరనాళ్ళకని అక్క మా ఇంటికి వచ్చింది. సంచి కింద పెట్టీ పెట్టకముందే పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆమె పాదు ముందు గొంతుక్కూర్చుని, ముడుచుకున్న ఆకును రెండు వేళ్ళతో విప్పబోయింది. అది విచ్చుకోలేదు.

“ఏందిరా ఇది?”

చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. అరవై దాటిన మనిషిని, అయినా అక్క ముందు బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా నిలబడ్డాను. నోటికి మాత్రం వేరే మాట వచ్చింది.

“బొబ్బర తెగులక్కా. మిరపకి వచ్చుద్దే, అదే. దోసకి కూడా వస్తందంట ఈ మధ్య.”

“ఇన్నేళ్ళల్లో నేనెప్పుడూ చూళ్ళేదే. గాలికొచ్చిద్దా, గింజలోంచి వచ్చిద్దా?”

“కొన్ని గింజలోంచే వస్తయి.”

అదెందుకు అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. గాలికొచ్చిందని అని ఉన్నా సరిపోయేది. తప్పు నా చేతిది కాదని నమ్మించాలనే తొందరలో, ఎటు పడుతుందో చూడకుండా విసిరేశాను. మిరప సంగతుల్లో మా ఊళ్ళో నా మాటకు విలువ ఉండేది. అక్క కూడా నన్ను నమ్మింది. చాలాసేపు ఆ ఆకును పట్టుకునే కూర్చుంది. తర్వాత లేచి, “నా గింజలోనే ఉందన్నమాట,” అని చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంది. తిరనాళ్ళలో కూడా ముభావంగానే ఉంది. దీపాలతో ఎత్తుగా కట్టిన ప్రభలు చూడ్డానికి కూడా జనంలోకి రాలేదు. నేను మాత్రం తిట్లు తప్పాయని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె దగ్గర ఇంకో రెండు పిడకలున్నాయి కదా, కొంపేం మునిగిందిలే అనుకున్నాను.

ఉగాది వెళ్ళాక మాచర్ల బస్సెక్కాను. ఒక పిడక అడిగి తెచ్చుకుని, ఈసారి బుద్ధిగా పెంచుదామని నా ఉద్దేశం. కొత్త పాదులు తవ్వి, ఎరువు కలిపి పెట్టి మరీ వెళ్ళాను. పంపు కూడా పాతసామాను వాడికి వేసేశాను. అక్క గేదెకు కుడితి పెడుతోంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, దోసగింజలు కావాలన్నాను.

“ఇంకేడియ్యిరా?” అంది, వింతగా చూసి. “తెగులు గింజని నువ్వే చెబితివి గదా. నేను విత్తుదామని ఉంచుకున్న రెండు పిడకలూ వచ్చిన్నాడే పొయ్యిలో పెట్టా. ఆ రెండిళ్ళకీ పోయి పాదులు పీకేయించా. వాళ్ళయ్యి బానే ఉన్నయ్, పూతకొచ్చినయ్. అయినా నా గింజ వల్ల వాళ్ళ పెరళ్ళు చెడితే నన్నేమనుకుంటారు? పీకేటప్పుడు ఎదురింటామె ఒకటే గొణిగింది.”

నేను గేదె కొట్టం రాటను పట్టుకుని నిలబడ్డాను. అమ్మ చేతి దోస, అమ్మ పోయాక కూడా ఇన్నేళ్ళు ఏటా మొలిచిన దోస, నా మందుతో పోలేదు. నా మాటతో పోయింది. అక్క తన చేతులతోనే పొయ్యిలో పెట్టుకుంది, పూతకు వచ్చిన తీగలను దగ్గరుండి పీకించింది, తన గింజే చెడ్డదని నమ్మి.

అప్పుడు చెప్పాను. పక్కింటి పంపు మోత, మెట్ల కింది పంపు, అరసీసా, గడ్డిమందు, అన్నీ చెప్పాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆమె కుడితి తొట్టి పక్కన నిలబడి పూర్తిగా వింది.

“మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?”

“తిడతావని, అక్కా.”

ఆమె కుడితి గంగాళం బోర్లించి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత నా వంక చూసింది. కోపం ఉంటుందనుకున్నాను, లేదు.

“తిట్టేదాన్ని. చెడ తిట్టేదాన్ని. తిట్టి, ఇంకో పిడక ఇచ్చేదాన్ని గదరా.”